ఆఫీసులో పొక్కకుండా కొత్త ఉద్యోగం వెతుక్కోవడం ఎలా? విశాఖ ఉద్యోగులకు

ఉద్యోగం వెతుక్కుంటున్న సంగతి దాచడం హైదరాబాద్‌లో కంటే విశాఖలో కష్టం. ఊరు పెద్దదే, కానీ ఒక్కో రంగం చిన్నది. రుషికొండ ఐటీ హిల్స్ మీద ఒక ఆఫీసులో హెచ్‌ఆర్‌గా ఉన్నావిడ పక్క ఆఫీసు హెచ్‌ఆర్‌తో కలిసి ఎంబీఏ చదివి ఉండొచ్చు. పరవాడ ఫార్మా సిటీలో మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) హెడ్, మీ మేనేజరూ ఒకప్పుడు ఒకే ల్యాబులో ఒకే షిఫ్టు చేసినవాళ్లయి ఉండొచ్చు. దువ్వాడ ఎస్‌ఈజెడ్‌లోనూ, ఆటోనగర్‌లోనూ ఇదే తీరు. "మీవాడొకడు మా దగ్గరికి వచ్చాడండీ" అని ఒక్క ఫోను చాలు.

ఉద్యోగం వెతుక్కోవడం తప్పు కాదు. ఆ ఒక్క కారణంతో తీసేసే మేనేజర్లు కూడా తక్కువే. కానీ సంగతి తెలిసిన రోజు నుంచి కొత్త ప్రాజెక్టు పక్కవాళ్లకి పోతుంది, అప్రైజల్‌లో "ఎలాగూ వెళ్లిపోయేవాడే కదా" అన్న మాట వస్తుంది. ఆఫరు రాకపోతే అదే సీట్లో అన్నీ భరిస్తూ కూర్చోవాలి. అందుకే ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఆఫీసులో మూడో కంటికి తెలియనివ్వకండి. కాకపోతే దాచడం వేరు, అబద్ధమాడడం వేరు. దాచింది మీ సొంత విషయం. అబద్ధం మాత్రం కొత్త కంపెనీ మీ వివరాలు సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతుంది.

ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీయండి

చేరిన రోజు సంతకం పెట్టి బీరువాలో పడేసిన ఆ కాగితాన్ని రెజ్యూమే రాయకముందే చదవాలి. చూడాల్సినవి నాలుగు.

ఒకటి, నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా పెట్టాక ఇంకా పనిచేయాల్సిన రోజులు. 30 రోజులా, 60 రోజులా, 90 రోజులా? కన్ఫర్మేషన్ తర్వాత మారిందా? చాలా కంపెనీల్లో ప్రొబేషన్‌లో 30 రోజులుంటే కన్ఫర్మ్ అయ్యాక 90 అవుతుంది, ఆ సంగతి కన్ఫర్మేషన్ లెటర్‌లో ఒక్క లైనులో ఉంటుంది. రెండు, నోటీసు బదులు డబ్బు కట్టి వెళ్లే వీలు. "కంపెనీ అంగీకరిస్తే" అన్న మాట ఉంటే ఆ వీలు మీ చేతిలో లేనట్టే. ఇంటర్వ్యూలో "బయౌట్ చేసుకుని 30 రోజుల్లో వచ్చేస్తాను" అని మాటిచ్చి తర్వాత ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే. లెక్క బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది కూడా చూడండి, రెండింటికీ తేడా సగం దాకా ఉంటుంది.

మూడు, బాండ్. ట్రైనింగ్ బాండ్లు చెల్లవని చాలామంది ధీమాగా చెబుతుంటారు. కానీ 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు వెళ్లిపోతే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. కాబట్టి బాండ్ మొత్తం ఎంత, ఏ తేదీతో ముగుస్తుంది అన్నది రాసిపెట్టుకోండి. నాలుగు, పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు. ఉద్యోగం వదిలేశాక కూడా ఫలానా చోట చేరకూడదనే షరతులు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 27వ సెక్షన్ ముందు మామూలుగా నిలబడవు. కానీ కంపెనీ ఫైళ్లు, కస్టమర్ల జాబితాలు బయటికి తీసుకెళ్లకూడదనే షరతు నిలబడుతుంది. రెండూ ఒకటే అనుకోవద్దు.

ఐదేళ్లకు దగ్గర్లో ఉన్నవాళ్లు గ్రాట్యుటీ (మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండాక వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) కూడా చూసుకోవాలి. ఆఖరి బేసిక్, డీఏ కలిపి 30,000 అయితే, దాన్ని 15తో గుణించి 26తో భాగించి ఐదేళ్లతో గుణిస్తే దాదాపు 86,500 వస్తుంది. నోటీసులో పనిచేసిన రోజులూ సర్వీసులోకే వస్తాయి, డబ్బు కట్టి ఎగ్గొట్టిన రోజులు రావు. ఐదేళ్లు నిండకముందే బయౌట్ చేసుకుని ఆ డబ్బు చేజారితే కొత్త కంపెనీ తొందరకి మీ జేబులోంచి కట్టినట్టు.

ఆఫీసు లాప్‌టాప్ మీ లాప్‌టాప్ కాదు

ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడ. ఆఫీసు లాప్‌టాప్‌లో క్రోమ్‌కి సొంత జీమెయిల్‌తో లాగిన్ అయి ఉంటారు. రాత్రి ఇంట్లో ఫోన్‌లో నౌకరీ అనే ఉద్యోగాల సైటు చూస్తారు. మర్నాడు మీటింగులో స్క్రీన్ షేర్ చేసి అడ్రస్ బార్‌లో ఒక అక్షరం కొట్టగానే "నౌకరీ" అని టీమంతటి ముందూ వస్తుంది. హిస్టరీ సింక్ అవ్వడం వల్ల జరిగే పని ఇది. వెతుకులాట మొదలుపెట్టిన రోజే ఆఫీసు మెషీన్ నుంచి సొంత జీమెయిల్, వాట్సాప్ వెబ్ రెండూ లాగౌట్ చేయండి.

ఆఫీసు వైఫైలో సొంత ఫోన్ వాడినా ఏయే సైట్లకి వెళ్లారన్నది నెట్‌వర్క్ రికార్డుల్లో ఉండొచ్చు, మొబైల్ డేటా వాడుకోండి. ఆఫీసు ప్రింటర్‌లో రెజ్యూమే తీయొద్దు: ఏ ఫైలు ఏ యూజర్ ప్రింట్ చేశారో సర్వర్‌లో ఫైలు పేరుతో సహా నమోదు కావొచ్చు. ద్వారకానగర్‌లోనో, మీ ఇంటి దగ్గరి జెరాక్స్ షాపులోనో తీయించుకోండి, అయ్యాక అక్కడి కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ అయిన ఫైలు మీ చేత్తోనే తుడిచేయండి.

రెజ్యూమేని ఆఫీసు వర్డ్‌లో రాసినా చిక్కే. ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే ఆథర్ దగ్గర మీ ఎంప్లాయీ ఐడీ, కంపెనీ దగ్గర ఆఫీసు పేరు కనిపించొచ్చు. పీడీఎఫ్ చేసినా ఒక్కోసారి అవి వెంట వస్తాయి. కంపెనీ సమయంలో, కంపెనీ మెషీన్ మీద రాశారని చదివేవాళ్లకి చెప్పకనే చెప్పినట్టు. ఇంట్లో సొంత కంప్యూటర్‌లోనో ఫోన్‌లో గూగుల్ డాక్స్‌లోనో మొదటినుంచీ రాయండి.

ఇంకొకటి, దీనిలో ఎక్కడా మొహమాటం వద్దు: పని నమూనాగా చూపించడానికి ఆఫీసు కోడ్, రిపోర్టులు, ఫార్మాలో అయితే బ్యాచ్ రికార్డులు, ఆడిట్ పేపర్లు సొంత మెయిల్‌కి పంపుకోకూడదు. ఫోన్‌తో ఫొటో తీసినా అంతే. ఉద్యోగం వెతుక్కోవడం తప్పు కాదు, ఇది తప్పు. నోటీసులో ఉన్నవాళ్ల మెయిల్స్‌ని ప్రత్యేకంగా తిరగేసే కంపెనీలు ఉన్నాయి. తీసుకోవాల్సినవి మీ సొంత కాగితాలు: పే స్లిప్పులు, ఫారం 16లు, ఇంక్రిమెంట్ లెటర్లు, అప్రైజల్ లెటర్లు. రిజైన్ చేశాక హెచ్‌ఆర్ పోర్టల్ ఎప్పుడు మూసేస్తారో చెప్పలేం, వీటిని ఇవాళే దించుకోండి.

నౌకరీ, లింక్డ్‌ఇన్, కన్సల్టెన్సీలు

నౌకరీలో ఫలానా కంపెనీకి నా ప్రొఫైల్ కనిపించకూడదని బ్లాక్ చేసే వీలు సెట్టింగుల్లో ఉంది. మీ కంపెనీని ఒక్క పేరుతో బ్లాక్ చేసి ఊరుకుంటే చాలదు. ప్రైవేట్ లిమిటెడ్‌తో ఒకటి, పొట్టి పేరుతో ఒకటి, మాతృసంస్థ పేరుతో ఒకటి, పాత పేరుతో ఒకటి ఉంటాయి. అన్నీ వెతికి బ్లాక్ చేయండి. రిక్రూటర్లు తాజాగా అప్‌డేట్ చేసిన ప్రొఫైళ్లనే ముందు చూస్తారు కాబట్టి ఏదో ఒక చిన్న మార్పు అప్పుడప్పుడు చేస్తూ ఉండాలి. అది ఆఫీసు వేళల్లో చేయకండి.

బ్లాక్ పనిచేయనిది కన్సల్టెన్సీల దగ్గర, అంటే కంపెనీలకి మనుషుల్ని వెతికిపెట్టే ఏజెన్సీల దగ్గర. మీ కంపెనీ మనుషుల కోసం ఒక కన్సల్టెన్సీకి చెప్పి ఉంటే, ఆ కన్సల్టెన్సీకి మీ ప్రొఫైల్ మామూలుగానే కనిపిస్తుంది, వాళ్లు తీసుకెళ్లి మీ హెచ్‌ఆర్ చేతిలోనే పెడతారు. ఇది కల్పించి చెబుతున్నది కాదు, జరుగుతూనే ఉంటుంది. కన్సల్టెన్సీ ఫోన్ చేసినప్పుడు ముందు అడగాల్సింది: "ఏ కంపెనీకండీ? పేరు చెప్పకుండా నా రెజ్యూమే ఎక్కడికీ పంపొద్దు." పేరు చెప్పనంటే వదిలేయండి. ఒప్పుకుంటే అదే మాట వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఇద్దరు కన్సల్టెంట్లు ఒకే కంపెనీకి మీ రెజ్యూమే పంపితే, ఫీజు ఎవరికివ్వాలన్న తగువు ఎందుకని కంపెనీ మిమ్మల్నే పక్కన పెట్టొచ్చు. ఎవరి ద్వారా ఎక్కడికి వెళ్లిందో తేదీతో ఒక చిన్న పట్టిక రాసుకోండి.

లింక్డ్‌ఇన్‌లో "ఓపెన్ టు వర్క్" పెడితే రెండు దారులుంటాయి. అందరికీ కనిపించేదైతే ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వస్తుంది, అది మీకొద్దు. రిక్రూటర్లకి మాత్రమే అన్నది ఎంచుకోండి. మీ కంపెనీ రిక్రూటర్లకి కనిపించకుండా లింక్డ్‌ఇన్ చూస్తుంది గానీ పూర్తి పూచీ ఇవ్వదు. ప్రొఫైల్‌లో మీ కంపెనీ పేరు దాని అసలు పేజీకి లింక్ అయ్యేలా ఉంచండి, అప్పుడే ఎవరికి దాచాలో లింక్డ్‌ఇన్‌కి తెలుస్తుంది. ప్రొఫైల్ మార్చే ముందు, మార్పులు మీ నెట్‌వర్క్‌కి చేరవేసే సెట్టింగ్ ఆపేయండి. ఫొటో, హెడ్‌లైన్, స్కిల్స్, ఆరు సర్టిఫికెట్లు ఒకే ఆదివారం మార్చేస్తే పక్క సీటువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నెలన్నర పాటు విడివిడిగా మార్చండి. పాత మేనేజర్ల దగ్గర రికమెండేషన్లు ఒకేసారి అడగడమూ అలాంటిదే. కొత్త కంపెనీ మనుషుల ప్రొఫైళ్లు చూసేటప్పుడు ప్రైవేట్ మోడ్‌లో చూడండి.

"స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో, రైల్వేలో పోస్టు ఇప్పిస్తాం, మూడోవాడికి చెప్పకండి" అని డబ్బు అడిగేవాళ్లు విశాఖలో ఎప్పుడూ ఉంటారు. మీరు గుట్టుగా వెతుకుతున్నారన్నదే వాళ్లకి బలం, ఎవరినీ అడిగి తెలుసుకోరని. రిజిస్ట్రేషన్ అనండి, లాప్‌టాప్ డిపాజిట్ అనండి, ట్రైనింగ్ ఫీజు అనండి, ఉద్యోగానికి మీరు డబ్బు కట్టాల్సి వస్తే అది ఉద్యోగం కాదు. ఆన్‌లైన్‌లో కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఫోను, సెలవు, ఇంటర్వ్యూ

రిక్రూటర్లు పదకొండింటికే చేస్తారు. ఎత్తి గొంతు తగ్గించి మాట్లాడుతూ బయటికి పరిగెత్తడం కంటే, మామూలు గొంతుతో రెండు ముక్కలు చెప్పడం మేలు: "సార్, ఇప్పుడు పనిలో ఉన్నానండి. సాయంత్రం ఏడు దాటాక నేనే చేస్తాను." చెప్పి చేయకపోతే మాత్రం ఆ నంబరు మళ్లీ రాదు. కంపెనీ బస్సులో ఈ మాటలు అసలే వద్దు. గాజువాక నుంచో ఎన్‌ఏడీ నుంచో పరవాడ వెళ్లే బస్సులో ముందు సీట్లో నిద్రపోతున్నట్టున్నాయన మీ డిపార్ట్‌మెంట్ కాకపోయినా మీ బాసుకి పరిచయస్తుడే.

మొదటి రౌండ్లు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. పొద్దున్న 8 నుంచి 9 లోపు, లేదా రాత్రి 7 తర్వాత అడగండి, ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఆ మాత్రం ఇవ్వడానికి చాలామంది ఒప్పుకుంటారు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి ఇంకా సులువు: మధ్యాహ్నం రెండింటికి ఎక్కే బీ షిఫ్టు వారంలో పొద్దున్నంతా మీదే. రోస్టర్ చూసుకుని ఆ వారానికే తేదీ అడిగితే ఒక్క సెలవూ ఖర్చు కాదు. నైట్ షిఫ్టు దిగొచ్చి వెంటనే ఇంటర్వ్యూకి కూర్చోవద్దు, పదింటికి తెలిసిన జవాబు కూడా నోటికి రాదు.

వీడియో కాల్‌కి ఇల్లే మంచిది. ఇంట్లో కుదరకపోతే సిరిపురం వైపు కో-వర్కింగ్ ఆఫీసుల్లో గంటల లెక్కన గది దొరుకుతుందేమో ముందే అడిగి చూడండి. బీచ్ రోడ్డు మీద కారు ఆపుకుని మాట్లాడదామనుకుంటారు కొందరు. అద్దం కాస్త దించితే సముద్రపు గాలి మైకులో హోరుమంటుంది, ఎక్కిస్తే పది నిమిషాల్లో చెమటలు. పైగా రుషికొండ, సాగర్‌నగర్ వైపు కాఫీ షాపుల్లో సగం మంది మీలాంటి ఐడీ కార్డులవాళ్లే.

ఫార్మావాళ్లకి ఆదివారం వాక్‌ఇన్‌లు ఉంటాయి. హోటల్ హాల్లో వందమంది వరసలో నిలబడే చోట గుట్టు ఉండదు. వరసలో మీ ల్యాబు మనిషే కనిపించొచ్చు. అప్పుడు ఇద్దరిదీ ఒకే పరిస్థితి కాబట్టి పలకరించి ఊరుకోండి, తెల్లారి ఆఫీసులో ఆ ఊసెత్తకండి. వీలైతే వాక్‌ఇన్ కంటే ముందే ఆ హెచ్‌ఆర్ మెయిల్‌కి రెజ్యూమే పంపి విడిగా సమయం అడగండి. వెళ్తే ఆఖరి మూడు నెలల పే స్లిప్పులు, ఇంక్రిమెంట్ లెటర్, సర్టిఫికెట్ల కాపీలు తీసుకెళ్లండి, ఒరిజినల్స్ ఎవరి చేతిలోనూ వదిలిపెట్టి రావొద్దు.

సెలవు పెట్టేటప్పుడు "పర్సనల్ పని ఉంది సార్" అని ఆపేయండి. జ్వరమనో, బంధువు పోయారనో చెప్పొద్దు. జ్వరమైతే మర్నాడు పరామర్శిస్తారు, ఒక అబద్ధానికి నాలుగు చెప్పాలి. రెండు నెలల్లో మూడు నాలుగు సార్లు హాఫ్ డే పెడితే "ఏటి, ఈమధ్య సెలవులెక్కువయ్యాయి" అన్న ప్రశ్న వస్తుంది. అందుకని ఒకే రోజు పూర్తి సెలవు పెట్టి, రెండు మూడు ఇంటర్వ్యూలని ఆ రోజుకే సర్దుకోండి. హైదరాబాద్‌లో ఆఖరి రౌండుకి రమ్మంటే శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం పొద్దున్న దిగొచ్చు. శనివారం కుదురుతుందా అని అడగడంలో తప్పు లేదు.

రోజూ టీషర్ట్‌తో వచ్చేవాళ్లు ఒకరోజు ఇస్త్రీ చొక్కా, షూలతో వస్తే ఆఫీసంతా అడుగుతుంది. చొక్కా బండి డిక్కీలో పెట్టుకుని దారిలో మార్చుకోండి. అంతకంటే ముఖ్యం, ఈ రోజుల్లో పని తగ్గనివ్వకండి. రోజూ ఆరింటిదాకా ఉండే మనిషి అయిదింటికే బ్యాగు సర్దుతుంటే అందరికంటే ముందు కనిపెట్టేది మేనేజరే.

రెఫరెన్సులు అడిగితే ఇప్పటి మేనేజరు పేరు ఇవ్వకండి. కంపెనీ వదిలేసి వెళ్లిన పాత మేనేజర్లు, పాత సీనియర్లు ఇద్దర్ని ముందే అడిగి పెట్టుకోండి. వెరిఫికేషన్ ఫారంలో ప్రస్తుత కంపెనీని సంప్రదించవచ్చా అన్న గడి ఉంటుంది, అక్కడ "ఇప్పుడే వద్దు" అని గుర్తు పెట్టండి. ఆ గడి చూసుకోకుండా సంతకం చేస్తే ఏజెన్సీ మెయిల్ నేరుగా మీ హెచ్‌ఆర్‌కి వెళ్తుంది, తర్వాత ఎవర్నీ అనడానికి ఉండదు.

ఇంట్లో చెప్పండి, చుట్టాలకి వద్దు. బాబాయిగారు మంచి మనసుతోనే పెళ్లిలో పదిమంది ముందు "మావాడు కంపెనీ మారుతున్నాడు" అంటారు, ఆ పదిమందిలో మీ ఆఫీసుకి తెలిసినవాళ్లు ఒకరుంటారు.

జీతం లెక్క

సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 6 లక్షలంటే నెలకు 50,000 అనుకోకండి. బేసిక్ సగం, అంటే 3 లక్షలనుకుందాం. వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) పది శాతం, 60,000 పక్కన పెట్టండి. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం 36,000. గ్రాట్యుటీ 4.81 శాతం 14,430. ఇన్సూరెన్స్ 10,000 అనుకుంటే మిగిలేది 4,79,570. అందులోంచి మీ వాటా పీఎఫ్ మరో 36,000, ఆంధ్రప్రదేశ్ వృత్తి పన్ను నెలకు 200 చొప్పున 2,400 పోతే చేతికొచ్చేది నెలకు దాదాపు 36,750. మీ ఇప్పటి జీతాన్నీ ఇదే పద్ధతిలో విడగొట్టి, చేతికొచ్చేదాన్ని చేతికొచ్చేదానితో పోల్చండి. ఇప్పటి జీతం ఎంతని అడిగితే ఉన్నదే చెప్పండి, పే స్లిప్పులు ఎలాగూ అడుగుతారు.

కాగితం వచ్చాకే రిజైన్

"సెలెక్ట్ అయ్యారు, రేపు పేపర్ పెట్టేయండి" అని ఫోన్లో అంటారు. పెట్టొద్దు. కంపెనీ మెయిల్ ఐడీ నుంచి ఆఫర్ లెటర్ రావాలి. అందులో హోదా, పనిచేసే ఊరు, జీతం విడివిడిగా, చేరే తేదీ ఉండాలి. లెటర్ ఆఫ్ ఇంటెంట్ (తీసుకునే ఉద్దేశం ఉందని చెప్పే కాగితం) అని వస్తే అది ఆఫర్ కాదు, ఆఫర్ ఎప్పుడిస్తారో అడగండి. ఆఫర్ అంగీకరించాక, వెరిఫికేషన్ పూర్తయ్యే షరతు ఉంటే చేరే ముందు అవ్వాల్సింది ఏది, చేరాక అయ్యేది ఏది అని మెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి. చేరే తేదీకి మీ నోటీసు రోజుల మీద ఇంకో వారం అదనంగా అడగండి, రిలీవింగ్ ఆలస్యం కావడం మామూలే.

తర్వాత ముందు మేనేజరుకి నోటితో చెప్పండి, అదే రోజు మెయిల్ పెట్టండి. మెయిల్‌లో రెండే విషయాలు చాలు: ఇవాళ్టి తేదీతో రాజీనామా, నోటీసు ప్రకారం ఆఖరి పనిదినం ఫలానా తేదీ. ఎక్కడికి వెళ్తున్నారో చెప్పాల్సిన పని లేదు. జీతం పెంచుతాం ఉండమంటే, ఎందుకు మారదామనుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. కారణం జీతమే అయితే, పెంపు రాతలో ఇస్తే ఆలోచించవచ్చు. పనిగంటలో, పైవాళ్లో కారణమైతే జీతంతో అది మారదు, పైగా ఒప్పుకున్న ఆఫరు వదిలేస్తే ఇంత చిన్న ఊళ్లో ఆ కంపెనీ తలుపు మళ్లీ తెరుచుకోవడం కష్టం.

ఉద్యోగంలో ఉండగానే పీఎఫ్ ఖాతా సరిచేసుకోండి. మనవాళ్లకి ఇంటిపేరుతోనే వస్తుంది చిక్కు: పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో పేరు ముందు వెనకలు. పీఎఫ్‌లో ఆధార్‌తో తేడా ఉంటే ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది, వదిలేసిన కంపెనీ సంతకం అవసరమైతే తిరగలేక చస్తారు. యూఏఎన్‌కి (మీ పీఎఫ్ నంబరుకి) ఆఫీసు సిమ్ కాకుండా సొంత ఫోన్ నంబరు ఉండేలా చూడండి. కొత్త కంపెనీలో అదే యూఏఎన్ ఇవ్వండి, రెండోది తెరవనివ్వకండి. పాత కంపెనీ పీఎఫ్‌లో మీ ఆఖరి తేదీ సరిగ్గా వేసిందో చూడండి. ఆ తేదీ కొత్త ఉద్యోగం మొదలైన తేదీ దాటి ఉంటే ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినట్టు కనబడి, తర్వాతెప్పుడో ఇంకో వెరిఫికేషన్‌లో అడుగుతారు. ఏడాది మధ్యలో మారితే పాత జీతం, టీడీఎస్ వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి, లేకపోతే రిటర్న్ వేసేటప్పుడు ఒక్కసారిగా పన్ను మీద పడుతుంది. కంపెనీ ఇన్సూరెన్స్ మామూలుగా ఆఖరి పనిదినంతో ముగుస్తుంది. ఇంట్లో వైద్యం నడుస్తుంటే మధ్యలో ఖాళీ రోజులు లేకుండా చేరండి.

స్టీల్ ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డ్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకి పై మాటల్లో కొన్ని వర్తించవు. ఇంకో ప్రభుత్వ సంస్థకి అప్లై చేసేటప్పుడు ప్రాపర్ చానల్ ద్వారా (మీ సంస్థ ద్వారానే) వెళ్లాలని గానీ, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని మీ సంస్థ ఇచ్చే కాగితం) తేవాలని గానీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. దాచిపెట్టి రాస్తే ఎంపికయ్యాక ఎన్‌ఓసీ దగ్గర ఆగిపోవచ్చు, పాత సర్వీసు కలవకపోవచ్చు. విజిలెన్స్ క్లియరెన్స్‌కి (మీ మీద విచారణలేవీ లేవన్న ధ్రువీకరణకి) పట్టే రోజులూ చేరే తేదీలో లెక్కవేసుకోవాలి. ఇక్కడ సంగతి పై అధికారికి తెలియక తప్పదు, తోటివాళ్లకి తెలియకుండా చూసుకోవడమే మీ చేతిలో ఉంది.

రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఆఖరి సెటిల్‌మెంట్ మూడూ అందేదాకా లింక్డ్‌ఇన్‌లో కొత్త కంపెనీ పేరు పెట్టకండి. పోటీ కంపెనీ అని తెలిశాక కాగితాలు నానబెట్టే హెచ్‌ఆర్‌లు ఉన్నారు.